లోతు తక్కువ పగడపు దిబ్బ, వడిగా నడిచే నీరు: డ్రిఫ్ట్ డైవింగ్‌కు ఎలా సిద్ధం కావాలి?

తొలికెరటం

సభ్యులకు నమస్కారం. నేను ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) శిక్షణ పూర్తి చేసి, ఇంతవరకు నీరు నిలకడగా ఉన్న చోట్లనే దిగాను. ఇప్పుడు మొదటిసారిగా ప్రవాహం ఉన్న పగడపు దిబ్బ మీద, 6 నుండి 14 మీటర్ల లోతులో, డ్రిఫ్ట్ డైవ్ (ప్రవాహంతో పాటు సాగుతూ చేసే డైవ్) చేయబోతున్నాను. ఎవరిని అడిగినా "అది చాలా తేలిక, ఒళ్లు వదిలేస్తే నీరే తీసుకుపోతుంది" అంటున్నారు. లోతు తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే అని వారి ఉద్దేశం. నాకు ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. నీరే తీసుకుపోతూ ఉంటే డైవర్ చేయవలసిన పని ఏమిటి? వడి ఎంతవరకు ఉంటే కొత్తవారు దిగవచ్చు? మార్కర్ బోయ్‌ను (మనం ఎక్కడున్నామో పడవకు తెలిపే, పైన తేలే గాలి గొట్టాన్ని) మొదటి నుండే పట్టుకోవాలా, లేక పైకి వచ్చే ముందు వదిలితే చాలా? అనుభవమున్నవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

నడిసంద్రం

తొలికెరటం గారూ, మీ అనుమానం న్యాయమైనదే. ముందుకు పోవడానికి శ్రమ పడనక్కర్లేదన్నంతవరకే వారి మాట నిజం. ఎంత లోతులో ఉండాలి, దిబ్బకు ఎంత ఎడంగా ఉండాలి, తోటివారికి ఎంత దగ్గరగా ఉండాలి అన్న మూడు సంగతులూ పూర్తిగా మనవే. వాటిలో ఏ ఒక్కదానికీ నీరు సాయపడదు సరికదా, మూడింటినీ చెదరగొడుతూనే ఉంటుంది.

ముందుగా వడి సంగతి చూద్దాం. ఒక నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు, అంటే నిమిషానికి సుమారు 31 మీటర్లు, సెకనుకు అర మీటరు. వినడానికి ఇది నెమ్మదిగానే తోస్తుంది. అయితే పూర్తి సామగ్రి తగిలించుకున్న డైవర్, ఎంత బలమైనవారైనా, ఒక నాట్ ప్రవాహానికి ఎదురుగా కొద్ది నిమిషాలకు మించి ఈదలేరు. దీనికి తోడు, నీరు మనల్ని నెట్టే బలం వడితో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. వడి రెట్టింపైతే నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఒక నాట్‌లో హాయిగా సాగిన వారు రెండు నాట్ల నీటిలో దానికి రెండింతల కష్టమే ఉంటుందని అనుకుంటే పొరపాటు. మొదటిసారి దిగేవారికి ఒక నాట్‌ లోపు ప్రవాహం చాలునన్నది నా అభిప్రాయం.

ఇక చూపు సంగతి. నిలకడ నీటిలో మన కళ్లు కింద ఉన్న పగడాల మీదే ఉంటాయి, అక్కడ అందులో తప్పు లేదు. ప్రవాహంలో మాత్రం చూపు దిగువకు, అంటే నీరు పోతున్న దిశగా ఉండాలి. 20 మీటర్ల దూరం కనిపించే నీటిలో రెండు నాట్ల వడితో పోతుంటే, ఎదురుగా మసకగా కనబడిన పగడపు గుట్ట 20 సెకన్లలో మీ ఛాతీ ముందుంటుంది. దాని మీదుగా పోవాలా, పక్కనుండి పోవాలా అన్న నిర్ణయం మొదటి అయిదు సెకన్లలోనే జరిగిపోవాలి. పక్కకు జరగాలంటే ప్రవాహంతో పోరాడనక్కర్లేదు. ఏరు దాటించే పడవవాడు ముక్కును ఎగువకు ఓరగా పెట్టి, నీటి బలంతోనే అవతలి గట్టుకు చేర్చుతాడే, అలాగే ఒంటిని ప్రవాహానికి ఓరగా తిప్పి నెమ్మదిగా ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) ఆడిస్తే చాలు, దిబ్బకు దగ్గరగానో దూరంగానో జరుగుతారు.

ఒంటిని అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచడం మరిచిపోకండి. కాళ్లు కిందికి వేలాడితే ఫిన్స్ కొసలు ముందుగా పగడాన్నే తాకుతాయి, ఆ సంగతి వెనక్కి చూడని డైవర్‌కు తెలియను కూడా తెలియదు.

పాదరసం

నడిసంద్రం గారి మాటలకు ఒక లెక్క జోడిస్తాను, ఎందుకంటే "లోతు తక్కువ కాబట్టి తేలిక" అన్న భ్రమ తొలగేది ఇక్కడే.

నీటి పైన ఒత్తిడి 1 బార్ అనుకుంటే, 10 మీటర్ల దగ్గర 2 బార్, 20 దగ్గర 3 బార్. బీసీడీలో (తేలడాన్ని సర్దుకోవడానికి గాలి నింపే చొక్కాలో) ఉన్న గాలి, వెట్‌సూట్‌లోని (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తులోని) బుడగలు ఈ ఒత్తిడిని బట్టే ఉబ్బుతాయి, కుంచించుకుపోతాయి. 25 మీటర్ల నుండి 20 మీటర్లకు వస్తే ఆ గాలి పరిమాణం ఆరో వంతు పెరుగుతుంది. అదే 10 నుండి 5 మీటర్లకు వస్తే మూడో వంతు పెరుగుతుంది. ఎక్కినది అయిదు మీటర్లే అయినా పైన జరిగే మార్పు రెండింతలు. అంటే తేలే గుణాన్ని అదుపులో ఉంచుకోవడం లోతులో కంటే పైపొరల్లోనే కష్టం. మీరు వెళ్లబోయే 6 నుండి 14 మీటర్ల దిబ్బ సరిగ్గా ఆ కష్టమైన పొరలో ఉంది.

నిలకడ నీటిలో ఈ కష్టం పెద్దగా బయటపడదు, సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ప్రవాహంలో దిబ్బ ఎత్తుపల్లాలు వాటంతటవే మీ కిందికి వస్తుంటాయి. గుట్ట ఎదురైనప్పుడు ఒక మీటరు లేవడానికి బీసీడీ మీట నొక్కే అలవాటు ఉంటే, గుట్ట దాటిన తరువాత ఆ గాలి మిమ్మల్ని ఇంకా పైకి లాగుతూనే ఉంటుంది, దాన్ని వదిలేసరికి మళ్లీ కిందికి జారతారు. అందుచేత చిన్న ఎత్తుపల్లాలన్నీ ఊపిరితోనే దాటాలి. గుట్టకు కొంచెం ముందే నిండుగా గాలి పీల్చితే ఒకటి రెండు సెకన్ల ఆలస్యంతో ఒళ్లు లేస్తుంది. ఆ ఆలస్యాన్ని కలుపుకొని ముందుగా పీల్చడమే అభ్యాసం చేయవలసిన విషయం. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి లేస్తూ ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులకు గాయమవడానికి ఒకటి రెండు మీటర్లు కూడా చాలు.

గాలి లెక్క కూడా చెబుతాను. 12 లీటర్ల ట్యాంకులో 200 బార్ ఉంటే 2,400 లీటర్లు. 50 బార్ నిల్వ వదిలేస్తే వాడుకోదగినది 1,800 లీటర్లు. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారు 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు పీలుస్తారు, అంటే 45 నిమిషాలు. ఒక నాట్ వడితో ఆ 45 నిమిషాలలో దాదాపు 1.4 కిలోమీటర్ల దిబ్బ మీ కింద నుండి జరిగిపోతుంది. నీటికి ఎదురీదితే ఇదే గాలి సగం సేపు కూడా రాదు.

తొలికెరటం

పాదరసం గారి లెక్క చూశాక నా ప్రశ్న తప్పు చోట మొదలైందని అర్థమైంది, నేను వడి గురించే ఆలోచిస్తున్నాను. ఇంకొక సందేహం. దిగిన తరువాత ప్రవాహం ఎటు పోతోందో, ఎంత ఉందో నీటి అడుగున ఎలా పసిగట్టాలి? అందరమూ కలిసే కదులుతున్నప్పుడు వేగం తెలియదు కదా.

ప్రవాళవనం

ఈ ప్రశ్నకు దిబ్బ మీద ఉన్న జీవులే జవాబు చెబుతాయి. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను.

ప్రవాహం ఉన్న దిబ్బలు అంత నిండుగా ఉండటానికి కారణం ఆహారం నడిచి రావడమే. నారింజ రంగు ఆంథియాస్ చేపల గుంపును చూడండి. అవి పగడపు గుట్టకు ఎగువ వైపున, తలలన్నీ ఒకే దిశకు పెట్టి, తోకలు ఆడిస్తూ ఉన్నచోటే నిలబడి, కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను (నీటిలో తేలే సూక్ష్మ జీవులను) ఒక్కొక్క రేణువుగా ఏరుకుంటాయి. వాటి తల ఎటుంటే నీరు అటునుండి వస్తోంది. అవి గుట్టకు రెండు మూడు మీటర్ల ఎడంగా విచ్చుకొని ఉంటే వడి మితంగా ఉన్నట్లు, గుట్టను అంటిపెట్టుకొని ఉంటే వడి పెరిగినట్లు. ఇసుక మీద గార్డెన్ ఈల్స్ (బొరియల నుండి తల బయటపెట్టే పాము లాంటి చేపలు) ఉంటే అవి కూడా ప్రవాహం వచ్చే వైపుకే ముఖాలు వంచి నిలబడతాయి. సీ ఫ్యాన్లయితే (విసనకర్ర ఆకారపు పగడాలు) ఏళ్ల తరబడి నడిచిన నీటికి అడ్డంగా తమ వెడల్పును పరచుకొని పెరుగుతాయి కాబట్టి, ఆ పూట నీరు నిలిచి ఉన్నా ఆ చోట సాధారణంగా ప్రవాహం ఏ అక్షం మీద నడుస్తుందో వాటిని చూసి చెప్పవచ్చు. మెత్త పగడాలు నిండా విచ్చుకొని ఉంటే నీరు నడుస్తోందని అర్థం.

మీరు వదిలే బుడగలు మంచి గుర్తే గానీ, మీతోపాటు అవీ కొట్టుకుపోతాయి కాబట్టి, కదలకుండా ఉన్న ఒక వస్తువుతో పోల్చినప్పుడే ప్రయోజనం. నేల మీద ఏదైనా ఒక గుర్తును ఎంచుకొని అది మీ తల కింద నుండి పాదాల కిందికి ఎంతసేపట్లో జారిందో చూడండి. ఫిన్స్‌తో కలిపి మీరు సుమారు రెండు మీటర్లు ఉంటారు. నాలుగు సెకన్లు పట్టిందంటే ఒక నాట్.

తాకడం గురించి కూడా చెప్పాలి. బండ పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మల పగడాలు వేగంగా, ఏడాదికి 10 సెంటీమీటర్లు, అనుకూలమైన చోట అంతకు మించి కూడా పెరుగుతాయి. ఈ రెండో రకం ఫిన్ తగిలితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన కొమ్మ పడిన చోట మళ్లీ అతుక్కొని పెరగగలదు, అది నిజమే. కానీ వడి ఉన్నచోట ముక్క నిలకడగా పడి ఉండదు, దొర్లి దొర్లి ఒరుసుకుపోయి చస్తుంది. ఇండోనేషియాలోని కొమొడో ప్రాంతంలో పేలుడు పదార్థాలతో చేపలు పట్టిన చోట్ల పగడపు ముక్కల మైదానాలు ఏళ్లు గడిచినా కోలుకోకపోవడానికి కారణం ఇదే, అడుగు కదులుతూ ఉంటే పగడపు పిల్ల నాటుకోలేదు. దిబ్బకు ఎక్కువ మేలు చేసే ప్రవాహమే విరిగినదాన్ని బతకనివ్వదని గుర్తుంచుకుంటే, ఒక మీటరు ఎడం పాటించడం బరువనిపించదు.

నీలికన్ను

నేను నీటి అడుగున ఫొటోలు తీస్తాను. ప్రవాహంలో ఫొటోలు తీయడం అసాధ్యమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. చేపలు ఎగువకు ముఖం పెట్టి ఉంటాయి, మనం ఎగువ నుండే వస్తాం, కాబట్టి వాటి ముఖాలు వాటంతటవే ఎదురవుతాయి. పైగా ఈ లోతులో ఎరుపు రంగు పూర్తిగా పోదు, మధ్యాహ్నపు వెలుగులో ఆరేడు మీటర్ల దగ్గర పగడాలకు సొంత రంగులు కొంత మిగిలే ఉంటాయి.

కష్టమంతా ఆగడంలోనే ఉంది. పెద్ద గుట్టల దిగువ వైపున నీరు నెమ్మదించే చాటు ఉంటుంది. గుట్ట పక్కనుండి జారి, ఒంటిని ఎగువకు తిప్పి ఆ చాటులోకి చేరితే కొద్దిగా ఫిన్స్ ఆడిస్తూ నిలబడవచ్చు. చాటు లేనిచోట చచ్చిన బండను ఒక వేలితో ఆనుకోవడం, లేదా రీఫ్ హుక్ (తాడుతో ఒంటికి కట్టుకొని బండకు తగిలించే కొక్కెం) తగిలించడం సరైనదేనా అన్నదానిపై సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

ప్రవాళవనం

నీలికన్ను గారూ, హుక్ పేరుబడింది పసిఫిక్ ద్వీపదేశం పలావ్‌లోని బ్లూ కార్నర్ దగ్గర. అక్కడ దిబ్బ అంచు మీద ఎందరో డైవర్లు వేలాడి సొరచేపలను చూడవలసిన పరిస్థితి. అందరూ చేతులతో పట్టుకొని పగడాన్ని చిదమడం కంటే ఒక్క కొక్కెం నయమని అది వాడుకలోకి వచ్చింది. అది అటువంటి అంచులకు, శిక్షణ ఉన్నవారికి తగినది. లోతు తక్కువ దిబ్బ మీద, దాదాపు ప్రతి జానెడు నేలా సజీవంగా ఉన్నచోట, హుక్ వేయడానికి చచ్చిన బండను వెతికే వ్యవధి మీకు ఉండదు. "చచ్చిన బండ" అనుకున్నది చాలాసార్లు పలుచని పగడపు పొరే అయి ఉంటుంది. తొలికెరటం గారికి నేను హుక్ అసలు సూచించను.

చేతి తొడుగుల విషయమూ ఇటువంటిదే. తొడుగు ఉంటే పట్టుకోవాలనిపిస్తుంది. మెక్సికోలోని కొసుమెల్ సముద్ర ఉద్యానవనంలో డైవర్లు తొడుగులు, కత్తులు వాడకూడదన్న నిబంధన ఉండటానికి కారణం అదే. పైగా ఆవపచ్చ రంగులో ఉండే అగ్ని పగడం మామూలు పగడంలాగే కనిపిస్తుంది గానీ అది హైడ్రాయిడ్ల (కుట్టే గుణమున్న చిన్న సముద్ర జీవుల) బంధువు, వట్టి చర్మం తగిలితే మంట పుట్టి దద్దుర్లు లేస్తాయి. దాని భయం వల్లనైనా చేతులు ముడుచుకొని ఉండటం మంచిదే.

చుక్కాని

పడవ వైపు నుండి చెప్పేవారు ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. డ్రిఫ్ట్ డైవ్‌లో పడవ లంగరు వేయదు, డైవర్ల వెంట నడుస్తుంది. ఇది వినడానికి సులువు. కానీ డైవర్లను నడిపేది ప్రవాహం, పడవను నడిపేది ముఖ్యంగా గాలి. ఈ రెండూ ఒకే దిశలో ఉండటం అరుదు. ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఊరుకుంటే పడవ ఒక చోట, బుడగలు ఇంకొక చోట ఉంటాయి. నీరు అద్దంలా ఉన్న రోజున బుడగల జాడను బట్టి పోవచ్చు. చిరు కెరటాలు లేచినా ఆ జాడ కనిపించదు. ప్రవాహానికి ఎదురుగాలి వీస్తే కెరటాలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి, అప్పుడు మనిషి తల కూడా కనిపించదు.

అందువల్ల తొలికెరటం గారు అడిగిన దానికి నా జవాబు ఇది: గుంపును నడిపించేవారు మొదటి నుండి చివరి వరకు పైన తేలే బోయ్‌ను తాడుతో పట్టుకొని పోవాలి. ఎన్నో పడవలు తిరిగే చోట, అందునా అయిదారు మీటర్ల లోతులో, ప్రొపెల్లర్ల నుండి కాపాడేది ఆ బోయ్ ఒక్కటే.

నడిసంద్రం

చుక్కాని గారి మాటలోని కారణాన్ని ఒప్పుకుంటూనే, ఒక ఇబ్బంది చెప్పాలి. మొదటి నుండి బోయ్ పట్టుకుంటే పైన గాలి దానిని ఒక వైపుకు, కింద నీరు మనిషిని ఇంకొక వైపుకు లాగుతాయి. తాడు బిగిసినప్పుడల్లా నడిపించేవారి లోతు మారుతుంది. తాడు వదులైతే పగడపు కొమ్మలకు చుట్టుకుంటుంది. నేను చూసినంతలో ఇరుకైన గుట్టల మధ్య ఇది నిజమైన సమస్య. అక్కడ బోయ్‌ను చుట్టి ఉంచుకొని, పైకి వచ్చే ముందు అడుగు నుండి గాలి నింపి వదలడమే నాకు మెరుగనిపిస్తుంది.

చుక్కాని

నడిసంద్రం గారూ, గుట్టల మధ్య ఇరుకు దారులున్న దిబ్బకు మీరు చెప్పినది సరిపోతుంది, అయితే ఆ సంగతి దిగేముందే పడవ నడిపేవారికి తెలియాలి, అప్పుడు మేము బుడగలనే నమ్ముకొని ఇంకా దగ్గరగా ఉంటాం. విశాలమైన వాలు దిబ్బ మీద మాత్రం నా మాట మార్చుకోను. తాడు పొడవును లోతు కంటే కొంచెమే ఎక్కువగా ఉంచి, రీల్‌తో (తాడు చుట్టే చక్రంతో) ఎప్పటికప్పుడు సర్దుకుంటే చిక్కుపడటం చాలావరకు తగ్గుతుంది. రీల్‌ను చేత్తో పట్టుకోవాలే తప్ప బీసీడీకి ఎన్నడూ తగిలించకూడదు. ఏ పడవకైనా ఆ తాడు చుట్టుకుంటే చేతిలో ఉన్నదాన్ని వదిలేయవచ్చు, ఒంటికి తగిలించినదాన్ని వదలలేం.

నడిపించేవారి దగ్గర బోయ్ ఉన్నా, గుంపులో ప్రతి జంట దగ్గరా మరొకటి మడిచి ఉండాలి. ఇందులో మా ఇద్దరికీ భేదం ఉండదనుకుంటాను.

నడిసంద్రం

ఏమాత్రం భేదం లేదు. ఆ మడిచిన బోయ్‌ను వదలడం ముందుగా నిలకడ నీటిలో నేర్చుకొని రావాలి. 6 మీటర్ల దగ్గర నింపిన గాలి పైకి చేరేసరికి 1.6 రెట్లవుతుంది కాబట్టి నిండా ఊదనవసరం లేదు, ఒక నిండు ఊపిరి చాలు. ఆ ఊపిరి ఇచ్చేటప్పుడు ఒళ్లు పైకి లేవకుండా చూసుకోవడమే ఇందులో కష్టమైన పని.

పాదరసం

వేళ గురించి ఎవరూ రాయలేదు. ప్రవాహం ఎక్కడి నుండి పుడుతుందో తెలియకుండా దాని వేళ తెలియదు.

కొసుమెల్ పశ్చిమ తీరపు దిబ్బలను తీసుకోండి. అక్కడ నీరు కదిలేది ప్రధానంగా ఆటుపోట్ల వల్ల కాదు, కరీబియన్ నుండి గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు సాగే యుకటాన్ ప్రవాహం వల్ల. సాధారణంగా దక్షిణం నుండి ఉత్తరానికి పోతుంది. ఆటుపోట్ల పట్టిక చూసుకొని అక్కడ ప్రయోజనం లేదు.

ఫ్రెంచ్ పాలినేషియాలోని రంగిరోవా అటోల్ (నడుమ మడుగు ఉన్న వలయాకారపు పగడపు దీవి) సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. లోపలి మడుగంతటికీ నీరు వచ్చిపోయే దారులు కొన్నే ఉండటం వల్ల వాటిలో ఒకటైన తిపుతా దారిలో నీరు ఉరవడిగా నడుస్తుంది. అక్కడ నీరు లోపలికి వచ్చే వేళలోనే డ్రిఫ్ట్ డైవ్ చేస్తారు. ఈ నియమంలో గొప్ప వివేకం ఉంది. లోపలికి వచ్చే నీరు సముద్రపు స్వచ్ఛమైన నీరు, దూరం బాగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరైనా దారి తప్పితే నీరు వారిని మడుగులోకి చేరుస్తుంది. బయటికి పోయే నీటిలో తప్పిపోతే చేరేది నడిసముద్రానికి. మాల్దీవుల అటోల్ దారుల్లో కూడా ఈ లెక్కనే పాటిస్తారు.

ఆటుపోట్ల వల్ల నీరు నడిచే చోట పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరుగంటల పావు వ్యవధి ఉంటుంది. దాని నడిమి రెండు గంటల్లో నీటి మట్టం మార్పులో సగం జరిగిపోతుందన్నది నావికులు వాడే మోటు లెక్క, వడి ఎక్కువగా ఉండేదీ అప్పుడే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు ఇంకా ఎక్కువ. కొత్తవారు అష్టమి తరువాతి రోజులను, పోటుకు దగ్గరి గంటను ఎంచుకుంటే నీరు మెత్తగా ఉంటుంది. ఒక హెచ్చరిక: అటోల్ దారుల్లో పోటు గరిష్ఠమైన క్షణమే నీరు నిలిచే క్షణం కాదు. మడుగు నిండటానికి పట్టే వ్యవధి వల్ల, దిబ్బ మీదుగా కెరటాలు లోపలికి పోసే నీటి వల్ల, నిలకడ వేళ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆ చోట రోజూ దిగేవారి మాటే అక్కడ ప్రమాణం.

నీలికన్ను

దిబ్బ మూలల దగ్గర నీరు కిందికి లాగుతుందని కూడా తొలికెరటం గారికి చెప్పాలి. లోతు తక్కువ దిబ్బ అయినా దాని అంచు చాలాసార్లు నిలువుగా లోతుకు దిగుతుంది. ప్రవాహం మూలను తాకి చీలిన చోట ఒక పాయ అంచు మీదుగా కిందికి పోవచ్చు. మన బుడగలు పైకి పోకుండా పక్కకో కిందికో పోతుంటే, ముందున్న చేపలు ముక్కులు పైకెత్తి ఈదుతుంటే అది గుర్తు. అప్పుడు పైకి తన్నుకోవడం కంటే దిబ్బ గోడకు దూరంగా, నీలంగా కనిపించే లోతు నీటి వైపుకు అడ్డంగా ఈదితే ఆ పాయ నుండి త్వరగా బయటపడతాం. బీసీడీలో గాలి కొద్దిగా నింపుకోవచ్చు, కానీ లాగుడు వదిలిన మరుక్షణం ఆ గాలిని వదలడానికి చెయ్యి సిద్ధంగా ఉండాలి, లేకపోతే బాణంలా పైకి పోతాం.

తొలికెరటం

అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు అడగాలి. జంట నుండి విడిపోతే అక్కడే ఆగి ఎదురు చూడాలా? పైకి వచ్చాక పడవ కనిపించకపోతే ఏం చేయాలి?

నడిసంద్రం

ఆగవద్దు. నిలకడ నీటిలో నేర్పే "ఉన్నచోటే ఉండు" అన్న అలవాటు ఇక్కడ దూరాన్ని పెంచుతుంది. అందరినీ ఒకే నీరు మోస్తోంది కాబట్టి, మీరు దేన్నీ పట్టుకోకుండా అదే లోతులో పోతూ ఉంటే తోటివారు దాదాపు అంతే దూరంలో ఉంటారు. బండ పట్టుకొని ఒక్క నిమిషం ఆగితే ఒక నాట్ నీటిలో 31 మీటర్లు వెనకబడ్డారు, అంటే చాలాచోట్ల కనుమరుగైనట్లే. లోతు కూడా మార్చవద్దు, అడుగుకు దగ్గరగా రాపిడి వల్ల నీరు నెమ్మదిస్తుంది, పైన వడిగా పోతుంది. ఒక నిమిషం చుట్టూ చూస్తూ సాగండి. కనిపించకపోతే బోయ్ వదిలి, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రండి. తోటివారూ అదే చేస్తారని దిగేముందే మాట అనుకొని ఉండాలి.

పైన పడవ కనిపించకపోతే బీసీడీ నింపి, బోయ్‌ను నిలువుగా నిలబెట్టి, విజిల్ వేస్తూ, ఎండ ఉంటే చిన్న అద్దంతో వెలుగు కొట్టండి. ప్రవాహానికి ఎదురీది శక్తి పోగొట్టుకోవద్దు. ఇంకెవరైనా ఉంటే ఒకరినొకరు పట్టుకొని ఉండండి. 2008 జూన్‌లో కొమొడో ప్రాంతంలో అయిదుగురు డైవర్లను ప్రవాహం పడవకు దూరంగా లాక్కుపోయింది. గంటల తరబడి కొట్టుకుపోయి రింకా ద్వీపానికి చేరారు, రెండు రాత్రులు గడిచాక దొరికారు. అయిదుగురూ బతికారు, చెదిరిపోకుండా కలిసి ఉండటం అందులో పెద్ద సంగతి.

చుక్కాని

పడవ మీద మనుషుల లెక్క గురించి కూడా చెప్పవలసి ఉంది. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన గ్రేట్ బారియర్ రీఫ్‌లోని సెయింట్ క్రిస్పిన్ రీఫ్ దగ్గర ఇద్దరు డైవర్లను వదిలి పడవ ఒడ్డుకు తిరిగి వచ్చింది, లెక్క తప్పింది. రెండు రోజుల తరువాత వారి సామాను పడవలోనే ఉందని గుర్తించాక గానీ విషయం బయటపడలేదు. వారు మళ్లీ దొరకలేదు. అది డ్రిఫ్ట్ డైవ్ కూడా కాదు. ఆ తరువాత క్వీన్స్‌లాండ్‌లో మనుషుల లెక్కను రాసి ఉంచే నియమాలు కట్టుదిట్టమయ్యాయి. మీరు ఎక్కే పడవలో పేర్లు కాగితం మీద ఉన్నాయో లేదో అడగడానికి మొహమాటపడకండి. నీటిలో ఎంతసేపు ఉంటారో కూడా ముందే నిమిషాలలో చెప్పండి. లోతు తక్కువైతే కొందరికి గాలి గంటకు పైగా వస్తుంది, ట్యాంకు తగ్గేదాకా ఉందామని ఒక జంట అనుకుంటే, మిగిలినవారిని ఎక్కించుకునే సమయానికి వారు దిబ్బ చివర దాటి పోతారు.

ఎక్కేటప్పుడు పడవ వైపు ఈదకండి, గుంపుగా ఉండండి, పడవే వస్తుంది. ఇంజిన్ న్యూట్రల్‌లో ఉందని పైనుండి సైగ వచ్చేదాకా నిచ్చెన దగ్గరికి పోవద్దు. వెనుక వదిలిన తాడు పట్టుకొని వరుసలో ఉండండి. నిచ్చెన చేతికి చిక్కేదాకా ఫిన్స్ విప్పవద్దు, విప్పినవారు చెయ్యి జారితే ప్రవాహంలో ఈదలేరు. నిచ్చెన ఎక్కుతున్నవారి కింద నిలబడవద్దు, ట్యాంకుతో సహా జారి మీద పడవచ్చు. పడవ మీద కాలు మోపేవరకు మాస్క్ ముఖం మీద, రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని పీల్చుకునే సాధనం) నోట్లో ఉండాలి.